ముక్కు కింద వేలు

నేను రాస్తున్న సీరియల్ చాలా బాగుందని మొదట నాకు చెప్పింది ఐలయ్య. నేనో సీరియల్ రాస్తున్నానని అప్పటిదాకా నాకు తెలీదు.

ఐలయ్య హైటెక్ సిటీ దగ్గర కడుతున్న ఓ బిల్డింగుకి వాచ్‌మన్. మదీనాగూడలో నేను నర్సుగా చేసే నర్సింగ్ హోమ్‌కి బి.పి. చూపించుకోడానికి వస్తుంటాడు. ఆ రోజు చేతికి పట్టీ చుడుతుంటే నా మొహం వంక అదోలా చూశాడు.

"సిస్టరమ్మా, ఫోటోల ఉన్నది నువ్వేనా?"

"ఏ ఫోటో?"

"గా వారపత్రికల. మా బిడ్డ రజిత సదివి ఇనిపిస్తది. మొగుడు పండుకుంటే ముక్కు కింద ఏలు వెట్టి సూస్తది సూడు, అబ్బ! నాకైతే గుండె దడదడ కొట్టుకున్నది. ఏమన్న రాసినవా! జర మెల్లగ గాలి కొట్టమ్మా."

పోయిన నెల కన్నా బి.పి. బాగా ఎక్కువ చూపించింది. రాతలో బలం ఉందన్నమాట.

సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆయన్ని అడిగాను. మా ఆయన కిరణ్ పాల్. మాదాపూర్‌లో ఓ కంప్యూటర్ కంపెనీలో పని. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నిటికీ మతిపోయి వందేళ్ళు వెనక్కి వెళ్ళిపోతాయట. అలా వెళ్ళకుండా ఈయన ఆపాలి. పొద్దున్నుంచీ రెండంకెలున్న చోటల్లా నాలుగంకెలు పెడుతుంటాడు. ప్రపంచాన్ని కాపాడే ఉద్యోగం. మా వంటింటి కుళాయికి వాషర్ పోయి కారుతోందని ఎన్నిసార్లు చెప్పినా, అది మాత్రం ప్రపంచంలోకి రాదు.

ఆఫీసులో పారేసే ప్రింటవుట్లు, అంచుల్లో చిల్లులుండే పొడుగు కాగితాలు, ఇంటికి తెచ్చేవాడు. బీరువా అరల్లో పరవడానికనుకున్నా. వాటి వెనక వైపు నవల రాస్తున్నాడట.

"మరి నా పేరెందుకండీ?"

"ఆడవాళ్ళ పేరుతో పంపితే చదువుతారు స్టెల్లా. అందరూ చేసేదే. మా ఆఫీసులో సాల్మన్ వాళ్ళావిడ పేరుతో వంటలు రాస్తాడు. పాపం ఆవిడకి ఉప్మా కూడా రాదు."

"ఫోటో?"

"పత్రిక వాళ్ళడిగారు. చేతికి అదే దొరికింది."

అదంటే నర్సుల రిజిస్ట్రేషన్ కోసం తీయించుకున్న పాస్‌పోర్టు సైజు ఫోటో. ఆ సైజులో ఎవరైనా ఏదో చేసి దొరికిపోయినట్టే ఉంటారు.

కోపం రాలేదు. నిజం చెప్పాలంటే కాస్త సంబరంగానే ఉంది. కథేంటని అడిగితే "క్రైమ్. సైకలాజికల్" అన్నాడు, గోడవైపు చూస్తూ. సైకలాజికల్ అంటే మనం చదవక్కర్లేదని అర్థం చేసుకుని కూర తరుక్కోడానికి పోయాను.

నేను చదవకపోయినా అభిప్రాయాలు ఆగలేదు. మా ఇంటి ఓనరు రామ్మోహనరావు గారు కింద పోర్షన్లో ఉంటారు. భీమవరం మనిషి, రిటైరై ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. ఓ రోజు మెట్లెక్కి మరీ వచ్చారు.

"అమ్మా, గొప్పగా రాస్తున్నావ్. కాకపోతే ఒక్కటేనమ్మా. ఆవిడ మందు కలపదు, దిండు నొక్కదు. ఊరికే ముక్కు కింద వేలు పెట్టి నిలబడుతుంది. అలా నిలబడితే పనెప్పటికవుతుంది చెప్పు? మా ఆవిడైతే నాలుగో వారానికే అవగొట్టేసేది."

"కాఫీ తాగుతారా అంకుల్?"

"వద్దమ్మా, షుగరు. మానేశాను" అంటూ రెండేసి మెట్లు ఒకేసారి దిగిపోయారు. ఆ సాయంత్రమే మెయిన్ రోడ్డు మీద బండి దగ్గర నిలబడి జిలేబీ తింటూ కనిపించారు. నన్ను చూసి పొట్లం వెనక్కి దాచుకున్నారు.

చర్చిలో ఎలిజబెత్ ఆంటీ పట్టుకుంది. ఆవిడ మా చర్చి ఆడవాళ్ళ సంఘం, స్త్రీల మైత్రికి ప్రెసిడెంటు.

"వందనాలు స్టెల్లా. విశ్వాసివై ఉండి ఇలాంటివి రాస్తావా? మొన్నటి భాగం చదివి ఎంత బాధపడ్డానో తెలుసా? దాని ముందుదానికీ బాధపడ్డా. అసలు మొదట్నుంచీ ఒక్క వారం మానకుండా బాధపడుతున్నా. వచ్చే వారం పోతాడా వాడు?"

"తెలీదాంటీ."

"చెప్పవులే. అది సరే గానీ..." ఆవిడ గొంతు తగ్గించింది. "ఆ వేలు సంగతి నీకెలా తట్టింది? అది చదివిన దగ్గర్నుంచి మీ అంకుల్ నిద్రపోతుంటే నా వేలు ఊరుకోట్లేదు. నిన్న పెట్టి చూశా కూడా. ఊపిరి తగులుతూనే ఉంది." చివరి మాట కొంచెం నీరసంగా అంది.

మూడోసారి ఆ వేలి గురించి విన్నాక నా చెయ్యి నేనే చీర కొంగులో దాచుకున్నాను. ఎందుకో తెలీలేదు.

ఆంటీ దగ్గర పాత సంచికలన్నీ తీసుకుని, మర్నాడు నర్సింగ్ హోమ్‌లో లంచ్ టైములో కూర్చుని చదివాను. సీరియల్లో ఆమెకి పేరు లేదు. పైన నా పేరు, నా ఫోటో ఉన్నాయిగా, జనం వాటితోనే సర్దుకున్నారు.

ఆదివారం. చర్చి నుంచి వస్తారు. కోడికూర. భర్త చాప మీద పడుకుంటాడు. పైన ఫ్యాను ప్రతి చుట్టుకీ ఒకసారి టక్కుమంటుంది. ఆమె వంటింట్లోంచి వస్తుంది. తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని, వంగి, అతని ముక్కు కింద వేలు పెడుతుంది. కాసేపుంచి, మాట్లాడకుండా వెళ్ళి గిన్నెలు తోముకుంటుంది. అతను కళ్ళు మూసుకునే ఉంటాడు. అతనికి మెలకువే. ఆ వేలికి డెట్టాలు వాసన, దాని మీద ఉల్లిపాయ వాసన. అతను అనుకుంటాడు, 'ఎదురుచూస్తోంది. ఈ వారం కూడా కాలేదని వెళ్ళిపోతోంది.'

ఆ ఫ్యాను మాది. ఆ చాప మాది. నా వేలికి ఏ వాసన ఉంటుందో నాకే తెలీదు. అది తెలిసేది ఆ వేలి కింద ఉన్నవాడికే.

అన్నం డబ్బా మూత పెట్టేశాను.

గుంటూరులో ట్రైనింగప్పుడు మా మేట్రన్ నేర్పిన పని అది. నిద్రపోయే పేషెంటుని లేపకూడదు, ఊపిరి మాత్రం చూడాలి. వేలు పెట్టు, వెచ్చగా తగిలిందా, పక్క మంచానికి పో. పెళ్ళైన మొదటి ఆదివారం మా ఆయన గురక మధ్యలో ఠక్కున ఆగిపోయింది. గిన్నెలు వదిలేసి పరిగెత్తాను. వేలికి వెచ్చగా తగిలింది. మళ్ళీ గురక మొదలైంది. తర్వాత ప్రతి ఆదివారం అంతే. ఆ వెచ్చదనం తగిలితే గానీ నాకు మిగతా గిన్నెల మీదకి చెయ్యి పోదు. చెప్తే హడలిపోతాడని ఈ తొమ్మిదేళ్ళూ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆయన అన్నం తింటుంటే అడిగాను.

"ఏవండీ, ఆదివారాలు మీరు మెలకువగానే ఉంటారా?"

ఆయన తలెత్తలేదు. "చదివావా?"

"ఇన్నేళ్ళుగా మనసులో పెట్టుకునే బదులు నన్నడగొచ్చుగా?"

"అడుగుదామనే అనుకునేవాణ్ణి. అడిగితే ఏం చెప్తావా అని ఆలోచించేవాణ్ణి. ఆలోచించగా ఆలోచించగా అది నవలైంది."

"మీ గురక మధ్యలో ఆగిపోతుందండీ. భయమేసి, ఊపిరుందో లేదో చూస్తున్నాను. అంతే."

నోటిదాకా వెళ్ళిన ముద్ద కంచంలోకి తిరిగొచ్చింది.

"అదే అంటుంది స్టెల్లా," అన్నాడు మెల్లగా. "వచ్చే వారం భాగంలో. అతను నిలదీస్తే సరిగ్గా అదే అంటుంది. పోయిన నెలే పంపేశాను."

"అది నిజమండీ."

"ఆమె కూడా అలాగే అంటుంది."

నా దగ్గరున్న ఒక్క నిజాన్నీ ఆయన ముందే అచ్చుకిచ్చేశాడు.

ఆ భాగం వచ్చింది. ఐలయ్య బి.పి. పట్టీ కట్టించుకోకుండానే మొదలుపెట్టాడు. "ఏం అబద్ధమమ్మా అది! గురక బందైతదంట, గందుకే సూస్తదంట! గీ మాట ఎవడన్న నమ్ముతడా? ఎంత తెలివిగల్లది!" రామ్మోహనరావు గారు రోడ్డు అవతల నుంచే అరిచారు, "పచ్చి అబద్ధాన్ని ఎంత ప్రేమగా చెప్పించావమ్మా!" ఎలిజబెత్ ఆంటీ ఆ మాట దగ్గర ఒళ్ళు జలదరించి పత్రిక మూసేసి ప్రార్థన చేసుకుందట, తర్వాత మళ్ళీ తెరిచిందట.

అందరికీ నచ్చింది. నేను నా మొగుడితో చెప్పుకున్న ఒకే ఒక్క నిజం, సీరియల్ మొత్తంలో మంచి అబద్ధమని పేరు తెచ్చుకుంది.

"మరి మీరేమనుకుంటున్నారండీ? ఆమె నిజం చెప్పిందా, లేదా?" అని అడిగాను ఆయన్ని.

"రచయిత అభిప్రాయం చెప్పకూడదు స్టెల్లా."

"రచయిత నేను కదండీ."

ఆయన నవ్వలేదు. నేను నవ్వబోయి ఆగిపోయాను. ముగింపు ఏం రాశారంటే, రాయలేదన్నాడు. చిల్లుల కాగితం ముందు పెట్టుకుని, పెన్ను మూత తీసి, నా వంకే చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం వచ్చింది. చర్చి నుంచి వచ్చాం. కోడికూర వండాను. నేను రెండు ముద్దలు తిన్నాకే ఆయన అన్నం కలిపాడు. ఎప్పట్నుంచి ఇలా చేస్తున్నాడో గుర్తు చేసుకోబోయి, వద్దులే అని మానేశాను. చాప పరుచుకుని పడుకున్నాడు. ఫ్యాను టక్కుమంటోంది. గురక మొదలైంది. గిన్నెలు ముందేసుకున్నాను.

గురక ఆగింది.

వెళ్ళకూడదనుకున్నాను. ఈ ఒక్క వారం వెళ్ళకపోతే ఆయన నవల అబద్ధమైపోతుంది. తోమిన గ్లాసునే మళ్ళీ తోముతున్నాను. గురక రాలేదు. వెళ్ళకపోతే, నిజంగానే ఏదైనా అయితే? గ్లాసు జారి చప్పుడైంది. గురక రాలేదు.

చెయ్యి కొంగుకి తుడుచుకుని వెళ్ళాను. వంగి వేలు పెట్టాను.

వెచ్చగా తగల్లేదు.

నోరు తెరిచాను, ఏవండీ అని అరవడానికి. అప్పుడు చూశాను. కనురెప్పలు సన్నగా అదురుతున్నాయి. గొంతు దగ్గర నరం బిగుసుకుని ఉంది. నిద్రపోయేవాళ్ళని చూసీ చూసీ పండిపోయిన కళ్ళు నావి. ఆయన ఊపిరి బిగబట్టాడు. ఊపిరి లేకపోతే నేనేం చేస్తానో చూడాలనుకుంటున్నాడు.

అరిస్తే సరిపోయేది. భుజం పట్టి కుదిపితే, ఏడిస్తే, నేను భార్యనని తేలిపోయేది. ఆయన నమ్మేవాడు. కానీ నాకు ఇంకోటి చూడాలనిపించింది. ఇంతలా నన్ను అనుమానించగలిగినవాడు ఊపిరి లేకుండా ఎంతసేపు ఉండగలడు? వేలు తియ్యలేదు. కదల్లేదు. సీరియల్లో ఆమె ఎలా నిలబడుతుందో సరిగ్గా అలాగే నిలబడ్డాను. ఆమెకి అది ఎంత సుళువో అప్పుడు తెలిసింది.

ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ఫ్యాను టక్కుమంది. వంటింట్లో వాషర్ లేని కుళాయి కారుతూనే ఉంది. ఇద్దరిలో ఎవరో ఒకరం ముందు ఊపిరి తీసుకోవాలి.

నేనూ బిగబట్టానని అప్పటిదాకా నాకు తెలీలేదు.