నా జబ్బు నాకు సెప్పండి

పెళ్లయిన నాటి నుంచి అప్పలసూరి తన చేత్తో టీ కాచిన పాపాన పోలేదు. అలాంటి మనిషి ఆ పొద్దున గ్లాసు తెచ్చి మంచం పక్కన పెట్టి, "తాగు, సల్లారిపోద్ది" అన్నాడు. సన్యాసమ్మ గ్లాసు వంకా మొగుడి వంకా మార్చి మార్చి చూసింది.

జాలరిపేటలో ఆమె నోటికి జడవనివాళ్లు లేరు. హార్బర్లో చేపల వేలంపాట దగ్గర ఆమె గొంతు లేచిందంటే పాటగాళ్లు కూడా ఒక అడుగు వెనక్కి తగ్గుతారు. తట్ట నిండా కానాగంత చేపలు సర్దుకుని, ఆటోలో కంచరపాలెం వెళ్లి, వీధి వీధీ తిరిగి అమ్ముకొస్తుంది. ఆ మధ్య స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గట్టిగా ఏదో చేతికి తగిలింది. పేటలోని సర్కారు ఆరోగ్య కేంద్రానికి వెళ్తే, డాక్టరు దేవీప్రసాద్ చూసి, పెద్దాసుపత్రికి పంపి సూదితో ముక్క తీయించాడు. రిపోర్టు వచ్చిన రోజు ఆమెను బయట బెంచీ మీద కూర్చోమని, మొగుణ్నీ కూతురు రాణినీ లోపలికి పిలిచాడు.

వాళ్లు బయటికొచ్చాక, "ఏటన్నాడు?" అని అడిగింది.

"ఏటీ నేదు. కొవ్వు గడ్డంట. సిన్న ఆపరేషన్ సేసి తీసేత్తారంట," అన్నాడు అప్పలసూరి, చెప్పుల కోసం బెంచీ కింద వెతుక్కుంటూ. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

ఆ రోజు నుంచి ఇల్లు ఇల్లులా లేదు. బట్టల షాపులో పనిచేసే రాణి సెలవు పెట్టి వంటింట్లో దూరింది. పక్కింటి పోతమ్మ, ఎప్పుడూ కుళాయి దగ్గర బిందె కోసం తగువుపడే మనిషి, "నువ్వు ముందు పట్టుకో వదినా" అంది. సన్యాసమ్మ కూతుర్ని నిలదీసింది.

"ఒలే, నా మీద ఒట్టేసి సెప్పు. డాకటరేటన్నాడు?"

రాణి పెరట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

ఇక ఇంట్లో అడిగి లాభం లేదని సన్యాసమ్మ ఆరోగ్య కేంద్రానికి బయల్దేరింది. అక్కడ నర్సు నీలిమ తలెత్తకుండానే, "మీ ఇంట్లోవాళ్లకి అంతా చెప్పేశాం కదమ్మా, వాళ్లని అడగండి," అంది.

"గడ్డ వాలకి లేసిందేటి?"

నీలిమ తలెత్తింది. డాక్టరుగారు మీటింగులో ఉన్నారని చెప్పింది.

మీటింగు ఆ ఆవరణలోనే. శామియానా వేసి, కుర్చీలు పరిచి, 'రేపటి మన ఆరోగ్య కేంద్రం' అని పెద్ద ఫ్లెక్సీ కట్టారు. పేటలోవాళ్లని పిలిచారు. అప్పలసూరి కూడా వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. పై ఆఫీసు నుంచి వచ్చిన సీతారామాంజనేయులు మైకు పట్టుకుని, రానున్న రోజుల్లో ఈ కేంద్రం ఎలా మారబోతోందో చెబుతున్నాడు. సాయంత్రం కూడా డాక్టరు ఉంటాడట. స్కానింగు ఇక్కడే చేస్తారట. జనం చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో ఆయన రోగుల హక్కుల దగ్గరికొచ్చాడు.

"తన జబ్బేమిటో, దానికి చేసే వైద్యమేమిటో తెలుసుకునే హక్కు రోగికి ఉంది!"

"బాబూ," సన్యాసమ్మ కుర్చీల మధ్య నుంచి ముందుకు నడిచింది. "ఆ హక్కు రోగికా, రోగి మొగుడికా?"

జనం గొల్లున నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆమె మొహం చూసి నవ్వులు వాటంతటవే ఆగిపోయాయి.

"ఒసే, కూకో," అన్నాడు వెనక నుంచి అప్పలసూరి.

"నువ్వుండు. సెప్పాల్సినప్పుడు సెప్పనేదు, ఇప్పుడేటి మాటాడతావు?"

సీతారామాంజనేయులు మైకు కిందికి దించి, "ఏదైనా ఇబ్బందుంటే కంప్లయింటు రాసివ్వండమ్మా, విచారిస్తాం," అన్నాడు.

"నాకు కంప్లయింటేటీ నేదు. ఈ డాకటరు బాబు మంచోడే. కానీ నా ఒంట్లో ఏటుందో నాకు తప్ప పేటంతటికీ తెలిసిపోనాది. కుళాయి కాడ నన్ను సూసి జాలిపడతన్నారు. దేనికి జాలిపడతన్నారో నాకు తెల్దు. మీరు రేపేటి సేత్తారో తరవాత ఇంటాను. ఈయేల నా జబ్బు నాకు సెప్పండి. సెప్పిందాకా నాను ఇక్కడినించి కదల్ను."

కుర్చీ కూడా అడగకుండా ఫ్లెక్సీ ముందు నేల మీద చతికిలబడింది. ముందు వరసలోంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు లేచొచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. వాళ్లలో పోతమ్మ కూడా ఉంది.

దేవీప్రసాద్ మొహం కందిపోయింది. వేదిక దిగి వచ్చి, "అందరి ముందూ వద్దు, సన్యాసమ్మగారూ. లోపలికి రండి," అన్నాడు.

"వత్తాను. నానొక్కర్తినే వత్తాను."

గదిలో తలుపు వేసి, ఆయన రిపోర్టు తీసి బల్ల మీద పెట్టాడు. "మీ ఆయన బతిమాలాడు. చెబితే మీరు తట్టుకోలేరన్నాడు. నేను ఆ మాట వినకుండా ఉండాల్సింది."

"నాను తట్టుకోనేనని ఆయనకేటి తెలుసు? తుపానులో ఆయన పడవ రాకపోతే రాత్రంతా వానలో ఒడ్డున నిలబడ్డది నాను. సెప్పండి."

డాక్టరు చెప్పాడు. క్యాన్సరు.

తను ఊహించిన మాటే. అయినా చెవిన పడేసరికి సన్యాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. డాక్టరు మంచినీళ్లిచ్చి, ఊరుకోమనకుండా కూర్చున్నాడు. ఏడుపు తగ్గాక ఆమె ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది.

"రొమ్ము తీసేత్తారా?"

"తీయాల్సి రావచ్చు."

"తీత్తే బతుకుతానా?"

"తొందరగానే పట్టుకున్నాం. బతికే అవకాశం ఎక్కువే. కానీ మాటివ్వలేను."

"మాట ఇవ్వకండి. అబద్ధం సెప్పకండి. అది సాలు." కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు ఆయన్ని పిలండి."

అప్పలసూరి తప్పు చేసిన పిల్లాడిలా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నాకు కేన్సరంట," అంది సన్యాసమ్మ. "ఆపరేషన్ సేయించుకుంటాను."

ఆ మాట ఆమె నోటి నుంచి వినేసరికి అతను గోడకి చేరగిలబడి ఏడ్చాడు. "నాకు తెలుసే. నోరు రానేదు."

ఆమె లేచి అతని భుజం పట్టుకుంది. పట్టు మాత్రం మెత్తగా లేదు. "ఇకమీద నా ఒంటి మాట నా ముందర మాటాడాల. నేదంటే మాటాడకండి. నువ్వయినా, కూతురయినా."

పెద్దాసుపత్రిలో చేరిన రోజు ఒక కుర్ర డాక్టరు వార్డులోకి వచ్చి, "పేషెంటు తాలూకు మగవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

"పేషెంటు తాలూకు పేషెంటుంది. సాలదా బాబూ?" అంది సన్యాసమ్మ మంచం మీద నుంచి. అతను తడబడి, కుర్చీ లాక్కుని, ఆమెకే అంతా వివరించాడు. అర్థం కానిచోటల్లా ఆమె అతణ్ని ఆపి మళ్లీ చెప్పించుకుంది. పక్క మంచాలవాళ్లు కూడా చెవులు రిక్కించి విన్నారు.

రొమ్ము తీసేశారు. ఇంజెక్షన్లకి జుట్టు రాలిపోయింది. తిన్నదంతా వాంతయ్యే రోజుల్లో, ఎందుకు ఒప్పుకున్నానురా దేవుడా అనుకుంది. కానీ ఒప్పుకున్నది తనే కాబట్టి ఎవర్నీ తిట్టుకోలేదు. ఒంట్లో సత్తువ వచ్చాక తలకి తువ్వాలు చుట్టుకుని మళ్లీ హార్బరుకెళ్లింది. బరువెత్తొద్దన్నారని తట్ట రాణి ఎత్తింది, బేరం మాత్రం తనే ఆడింది.

ఆరోగ్య కేంద్రానికి స్కానింగు మిషను ఇంకా రాలేదు. సాయంత్రం డాక్టరూ రావడం లేదు. కానీ దేవీప్రసాద్ ఇప్పుడు పరీక్షకి పంపే ముందు ప్రతి రోగినీ, "రిపోర్టు వస్తే ఎవరికి చెప్పమంటారు?" అని అడుగుతున్నాడు.

ఒకరోజు పోతమ్మకి తోడుగా సన్యాసమ్మ అక్కడికి వెళ్లింది. డాక్టరు పోతమ్మకి పరీక్ష రాసిస్తూ అదే ప్రశ్న వేశాడు.

"నా కొడుక్కి సెప్పండి బాబూ. నాకొద్దు," అంది పోతమ్మ.

సన్యాసమ్మకి ఒళ్లు మండిపోయింది. "అదేటే! దీనికోసమేనా ఆయేల నేలమీద కూకున్నాం?"

"ఆమెని అడిగాను, ఆమే చెప్పింది," అన్నాడు దేవీప్రసాద్ నెమ్మదిగా.

దారంతా ఇద్దరూ కొట్లాడుకుంటూనే వచ్చారు. చివరికి పోతమ్మ వీధి మధ్యలో నిలబడిపోయింది. "నీ జబ్బు నువ్వు తెలుసుకున్నావు. నా జబ్బు నాను తెలుసుకోను. నా ఒళ్లు నా ఇష్టం కాదేటి వదినా?"

సన్యాసమ్మ వెనక్కొచ్చి, పోతమ్మ చెయ్యి పట్టుకుని మళ్లీ నడక సాగించింది.

"నీ ఇష్టమేలే," అంది. "కానీ ఎప్పుడన్నా తెలుసుకోవాలనిపించి అడిగినా వాలు సెప్పకపోతే, నాకు కబురెట్టు. ఇద్దరం ఎల్లి మళ్లీ కూకుందాం."