ఇంకొంచెం

పరిశోధనకు పెంచే ఈగల మేత అడుగంటకూడదు. మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్ట్ కలిపి గరిటె ఆపకుండా తిప్పుతూనే ఉండాలి. ఇంట్లో పొయ్యి కట్టేసి వచ్చి ల్యాబులో పొయ్యి ముట్టిస్తాను. పీహెచ్‌డీ నేనూ ఆయనా ఒకే గురువుగారి దగ్గర చేశాం. పెళ్లయ్యాక ఆయన ఈ ల్యాబుకి హెడ్ అయ్యారు, నేను "మా ఆవిడ, ఈగల్ని చూసుకుంటుంది" అయ్యాను. బయటివాళ్లకు ఆయన నన్ను పరిచయం చేసే మాట అదే. ఆయన నవ్వుతారు, వాళ్లూ నవ్వుతారు, నేను టీ తెప్పిస్తాను.

ఆ చూసుకోవడంలోనే నాకు ఆ సీసా కంట పడింది. పక్క సీసాల్లో పిల్ల పురుగులన్నీ మేత మానేసి, గాజు గోడలెక్కి, ఈగలయ్యే ముందు గట్టి పొరలో ముడుచుకునే ప్యూపాలవుతున్నాయి. ఇందులోవి మాత్రం తింటూనే ఉన్నాయి. లావెక్కి, ఎప్పటికో ప్యూపాలై, మామూలు ఈగల కంటే పెద్దవై బయటికొచ్చాయి. ఇక చాలని ఒంటికి చెప్పే జన్యువు వాటిలో పాడైంది. అది ఏదో పట్టుకునేసరికి నా జుట్టు నెరిసింది. మా రంగంలో జన్యువును కనిపెట్టినవాళ్లే దానికి పేరు పెడతారు. నేను "ఇంకొంచెం" అని పెట్టాను. ఆ పేరు తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

ఆ జన్యువు మీద ఆయన రాసిన పరిశోధన పేపర్లో ఆ పేరు మారిపోయింది. రచయితల్లో మొదట ఉండాల్సిన నా పేరు మధ్యలోకి జరిగింది. అడిగితే, "నీదీ నాదీ ఏముంది? ఇంటిపేరు ఒకటేగా" అన్నారు. నేను కూర వడ్డించాను.

అంతలో అత్తయ్యకు కంటి ఆపరేషన్. ఎవరు సెలవు పెట్టాలన్న మాటే ఇంట్లో రాలేదు. "నీ ఈగల్ని కొత్త మేత సీసాల్లోకి నేను మారుస్తాలే, అదేమన్నా బ్రహ్మవిద్యా" అన్నారు. ఆ పురుగులకు మేత ఎక్కువ పోయాలని గుర్తుచేశాను. "నాకు చెబుతున్నావా?" అన్నారు. నిజమే, ఆ విషయం మీద సభల్లో మాట్లాడేది ఆయనే.

అత్తయ్య కంటికి కట్టు విప్పాక ల్యాబుకి వెళ్లాను. నా సీసాలు నాకేసిన గిన్నెల్లా ఉన్నాయి. అడుగున పురుగులు ఎండి అంటుకుపోయాయి, ఒక్కటి కూడా ప్యూపా కాలేదు. మిగతా ఈగలకు పోసిన కొలతే వీటికీ పోశారాయన. "మార్చానుగా" అన్నారు. పైగా, "ఈగలేగా. మళ్లీ మొదలుపెట్టు, నీకు ఓపికెక్కువ" అన్నారు. చేతిలో సీసా గోడకేసి కొట్టాలనిపించింది. కడిగి బోర్లించాను.

పేపర్ అచ్చయ్యాక ఏ ల్యాబు అడిగినా ఆ ఈగల్ని పంపాలి. అవి లేకపోతే ఆ పేపరుకు విలువ లేదు. ఆ సంగతి సాయంత్రానికి గానీ ఆయనకు తట్టలేదు. హాల్లో తల పట్టుకుని కూర్చున్నారు. "నా కష్టమంతా పోయింది. కాస్త టీ పెట్టు" అన్నారు.

వంటింట్లో అత్తయ్య నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది.

"పిండి డబ్బాల వెనక పులిసిన వాసన వస్తోందమ్మాయ్" అంది గొంతు తగ్గించి. "కన్ను సరిగా లేదు గానీ ముక్కుందిగా."

ఆపరేషన్ ముందురోజు నేను తెచ్చి దాచిన సీసాలవి. ఏ రకం ఈగలనైనా రెండు చోట్ల పెంచమని గురువుగారు నేర్పారు. ఈ ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ చెయ్యి పెట్టని చోటు అదొక్కటే. ఇంటిల్లిపాదికీ వండిన పొయ్యి మీదే వాటికీ వండాను. అయినా అన్నీ బూజు పట్టిపోయి ఒక్క సీసా మిగిలింది. అందులో కాసిని పురుగులు ఇంకా తింటున్నాయి.

"ఆయనకు చెప్పారా అత్తయ్యా?"

"చెబితే అవీ వాడివైపోతాయిగా" అంది.

టీ మరిగింది. ఎప్పుడొచ్చినా నా ల్యాబులో నీకో బల్ల ఉంటుందని గురువుగారు ఏళ్లుగా అంటూనే ఉన్నారావిడ. మర్యాదకు అంటున్నారనుకునేదాన్ని. సీసాలో ఇంకొంచెం మేత పోసి, మూతికి దూది పెట్టి, చేతిసంచిలో నిలబెట్టాను.

"పొద్దున్నే గురువుగారి దగ్గరికి వెళ్తున్నాను" అన్నాను ఆయనకు కప్పు అందిస్తూ.

"ఎప్పుడొస్తావ్? అమ్మ కంట్లో చుక్కలెవరు వేస్తారు?"

చుక్కల మందు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.