చింతపండుతో కడిగిన గాజు

నాలుగో క్యూవెట్‌ను వెలుతురుకెత్తి చూసి, మరక లేదని నమ్మకం కుదిరాక బోర్లించాడు గుర్వయ్య. బొటనవేలంత ఆ నాలుగు పలకల గాజు గొట్టాలు కడగడమే నల్గొండ కాలేజీ ప్రయోగశాలలో అతని ఇరవై ఆరేళ్ల నౌకరీ. యాసిడ్ తగిలీ తగిలీ వేళ్ల చివర్లు పొరలూడాయి. పొద్దున్నే పానగల్ నుంచి ఆటోలో వస్తాడు, పొద్దుగూకాక పోతాడు.

లోపలి చీకటిగదిలో సమీరా లేజర్ వేసింది. పరిశోధన చేసే ఆ పిల్లంటే అతనికి ప్రాణం. నీళ్లలో కలిపిన యూరోపియం అనే లోహం మీద లేజర్ పడితే ఎర్రగా మెరుస్తుంది. ఉత్త నీళ్లలోనైతే ఆ మెరుపు చప్పున ఆరిపోతుంది. ఏదైనా అణువు లోహాన్ని గట్టిగా పట్టుకుంటే ఇంకాస్త నిలుస్తుంది. తాను తయారుచేసిన అణువు బ్రహ్మాండంగా పట్టుకుంటోందని మూడు నెలలుగా సమీరా కాళ్లు నేల మీద ఆనడం లేదు. రేపు లెక్కలు సారుకివ్వాలి. అందుకే, ఎప్పుడో మొదట్లో చూసి వదిలేసిన, తన అణువు కలపని ఉత్త నీళ్ల పరీక్ష మళ్లీ చేసింది.

"కాకా, గిదేంది? నా అణువు ఇందుల ఎయ్యనే లేదు. అయినా మెరుపు ఆరుతలేదు. ఎవరు పట్టుకున్నరు దీన్ని?"

గుర్వయ్య కడుగుతున్న గొట్టం కింద పెట్టాడు. నర్సింగమ్మ, అనుకున్నాడు. భార్య పోయి ఏడాది దాటినా ఆమె గొంతు అతని చెవుల్ని వదలలేదు. చింతపండుకు పోని మరక ఉంటదా అంటూ ఇత్తడి చెంబులు తోమేది. మూడు నెలల కింద, వేళ్లు మండి నిద్రపట్టని ఒక పొద్దున, ఆ గొంతు విని యాసిడ్ మానేశాడు. ఇంటినుంచి సీసాలో చింతపండు రసం తెచ్చి కడుగుతున్నాడు. గాజు తళతళలాడింది, ఎవరికైనా చెప్పాలని తోచలేదు.

చెప్పకపోతే ఆ పిల్ల చదువంతా అబద్ధం. చెబితే మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

"నేనే బిడ్డా. చింతపండుతోని కడిగిన. మా ఇంటామె గట్లనే చెప్పినట్టనిపించింది."

గాజుకంటిన పులుపే లోహాన్ని పట్టిందని సమీరాకు అర్థమైంది. మూడు నెలల కష్టం నీళ్లపాలు. కళ్లు తుడుచుకుంది.

"జర ముందుగాల చెప్పొద్దా కాకా. పోనీ, మళ్ల చేద్దాం."

తిట్టినా బాగుండేది. మధ్యాహ్నం ఆమె బజారుకు పోయొచ్చినా అతను అన్నం ముట్టలేదు. గొట్టాలన్నీ యాసిడ్‌లో నానేసి, ఎడమ రొమ్ములో నొప్పి పొడుస్తున్నా ఆగకుండా వట్టి చేతులతో కడిగాడు. పక్కన నర్సింగమ్మ నిలబడే ఉంది.

"ఇగ నువ్వు ఊకో," అన్నాడు ఆమెతో.

సాయంత్రం ఒక గొట్టం సమీరా చేతికిచ్చి, స్టూలు మీద గోడకానుకుని కూర్చున్నాడు. ఈసారి మెరుపు ఇట్టే ఆరిపోయింది.

"సాఫైంది కాకా," అంటూ ఆమె బయటికొచ్చింది. అతని తల పక్కకు వాలి ఉంది. ఊపిరి లేదు.

తొట్టి అంచున, ఆమె మధ్యాహ్నం అతని కోసం కొనుక్కొచ్చి పెట్టిన రబ్బరు చేతి తొడుగుల జత, కాగితం విప్పకుండా అలాగే ఉంది.