జూకి నేర్చుకున్న మాటలు

కోడలి కంటే ముందు కోడలి భయాలు కాపురానికి వచ్చాయని గున్నమ్మ చోడవరమంతా చెప్పుకునేది. అందులో అబద్ధం లేదు. చెరకు బండి కనిపిస్తే పిల్ల చక్రం కింద పడుతుందని వరమ్మకి భయం. నుయ్యి కనిపిస్తే పిల్ల అందులో జారుతుందని భయం. ఏదీ కనిపించకపోతే ఏదో పొంచి ఉందని మరీ భయం. ఉన్నది ఒక్కతే పిల్ల, ఆరేళ్ల స్వర్ణకుమారి.

అలాంటి మనిషికి మొగుడు దావీదు పోలిష్ భాష నేర్పడానికి కూచున్నాడు.

దావీదు విశాఖపట్నంలో కొత్తగా కడుతున్న ఫ్యాక్టరీలో టెంపరరీ హెల్పరు. యంత్రాలు బిగించడానికి పోలండు నుంచి వచ్చిన ఇంజనీర్ల దగ్గర పని. బిగింపు పూర్తయ్యాక ఎవరు ఉంటారో, ఎవరు ఇంటికి పోతారో వోల్‌స్కీ దొర మాట మీద తేలుతుందని అందరూ అనుకుంటున్నారు. ఆ దొరే దావీదు భుజం తట్టి, కొత్తగా తెరిచిన జూకి వచ్చే ఆదివారం రెండు కుటుంబాలూ కలిసి వెళ్దామన్నాడు.

"కనబడగానే 'జెయిన్ దోబ్రి' అనాలి. ఏదైనా ఇస్తే 'జెంకూయె' అనాలి. దొరసానిని 'పానీ' అని పిలవాలి."

"దాహమేస్తే మరేటని పిలవాలిరా?" అంది గున్నమ్మ మంచం మీంచి.

"నువ్వూరుకోయే అమ్మా. ఇదిగో, ముక్యమైంది ఇది. వాళ్ళ గుంటడు కాలు తొక్కినా, బట్ట మీద ఏటైనా ఒలకబోసినా, 'నిత్స్ షె నె స్తావో' అనాలి. ఏటీ అవలేదు, పర్లేదని. దొరలకి తప్పు సేసేమన్న బాద ఉండకూడదు."

వరమ్మ ఆ మాట రెండుసార్లు అనబోయి రెండుసార్లూ నాలుక కరుచుకుంది.

"పిల్ల తప్పిపోతే ఏటనాలి?"

"తప్పిపోదు."

"దెబ్బ తగిల్తే? నొప్పికి వాళ్ళ మాటేటి? రక్తానికేటి?"

"నీకు పోలిష్‌లో కూడా ఏడుపే కావాలేటే?" అన్నాడు దావీదు. "మంచి మాటలు నేర్సుకో ముందు."

తల్లికి తిరగని నోరు పిల్లకి తిరిగింది. కోడిపెట్టకి జెయిన్ దోబ్రి చెప్పింది. నాయనమ్మ మజ్జిగ ఒలకబోస్తే నడుం మీద చెయ్యేసుకుని 'నిత్స్ షె నె స్తావో' అంది. దావీదు పిల్లని ఎత్తుకుని వీధంతా తిప్పి అనిపించాడు.

ఆదివారం తొలి బస్సుకే బయలుదేరారు. దొరసానికి ఇవ్వడానికి వరమ్మ బుచ్చయ్యపేట బెల్లం చిన్న దిమ్మ గుడ్డలో కట్టుకుంది. జూ గేటు దగ్గర దొర, దొరసాని, వాళ్ళ ఎనిమిదేళ్ల కొడుకు తోమెక్ కారు దిగారు. స్వర్ణ చేతులు కట్టుకుని జెయిన్ దోబ్రి అనేసరికి దొరసాని మోకాళ్ల మీద కూచుని పిల్ల బుగ్గలు ముద్దు పెట్టుకుంది. దొర దావీదుని చూసి తల ఊపాడు. ఇంత బాగా జరుగుతోందంటే వెనకాల ఏదో ఉందని వరమ్మ గుండె అప్పుడే గుబులుపడింది.

కోతుల బోను దగ్గర ఆ ఏదో వచ్చింది. దొర, దొరసాని కెమెరాతో ముందుకెళ్లారు. దావీదు వాళ్ల సంచులు మోసుకుంటూ వెనకే వెళ్లాడు. తోమెక్‌కి కోతికి బెల్లం పెట్టాలనిపించింది, తన చేత్తో పెట్టడానికి భయమేసింది. వరమ్మ తన తల్లికిచ్చిన దిమ్మలోంచి ముక్క విరిచి స్వర్ణ చేతిలో పెట్టి, ఆ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని ఊచల్లోంచి లోపలికి తోశాడు.

వరమ్మ చూసింది. 'ఒరే' అన్న కేక గొంతు దాకా వచ్చింది. దొర కొడుకుని ఒరే అనడమా అని ఒక్క రెప్పపాటు ఆగింది. ఆ రెప్పపాటులో కోతి బెల్లంతో పాటు వేలూ కొరికింది.

పిల్ల కేకకి దావీదు పరుగెత్తుకొచ్చాడు. వేలు చూశాడు. తర్వాత దొర ఎంత దూరంలో ఉన్నాడో చూశాడు. తన పొగాకు సంచిలోంచి సున్నపు డబ్బీ తీసి, బెల్లంతో కలిపి బొటనవేలితో నలిపి గాయం మీద పట్టించాడు. చెరకు నరికేటప్పుడు కత్తి తగిలి తెగితే ఆ పక్కల అందరూ చేసేదే. రక్తం ఆగింది. సున్నం మంటకి పిల్ల మెలికలు తిరిగింది.

"కోతి కరిసిందయ్యా. సూదులెయ్యాలి. దొరకి సెప్పు, కారుంది కదా."

"ఎవరి కొడుకు సేసేడని సెప్పమంటావు?" అన్నాడు దావీదు మెల్లగా. "రేపు మనూళ్లో ఏయిద్దాం. ఇయ్యాల నవ్వు."

దొరసాని వెనక్కి వచ్చింది. పిల్ల కళ్లలో నీళ్లు చూసి వరమ్మని ఏదో అడిగింది. నొప్పికి మాట లేకపోయినా పిల్ల చెయ్యెత్తి చూపించడానికి భాష అక్కర్లేదు. ఆ సంగతి వరమ్మకి తెలుసు. ఆమె దావీదు మొహం చూసింది, టెంపరరీ ఉద్యోగం చూసింది, చెయ్యి ఎత్తలేదు.

దావీదు పిల్ల మెడ మీద చెయ్యేసి నెమ్మదిగా నొక్కాడు. స్వర్ణ తండ్రి వైపు చూసింది, తల్లి వైపు చూసింది. ముక్కు ఎగబీల్చి, ఒక్క తప్పు లేకుండా అంది.

"నిత్స్ షె నె స్తావో."

దొరసాని చప్పట్లు కొట్టింది. మొగుణ్ణి పిలిచి మళ్లీ అనిపించింది. పిల్ల మళ్లీ అంది. పిల్ల వేలికి అంటుకున్న గోధుమరంగు ముద్ద చూసి, దొరసాని మిఠాయి అనుకుని, దొంగా అన్నట్టు వేలు ఆడించి నవ్వింది. అప్పటిదాకా పాలిపోయి నిలబడ్డ తోమెక్ కూడా నవ్వాడు. బోను ముందు అందరినీ వరసగా నిలబెట్టి దొర ఫొటో తీశాడు. ఆ తర్వాత ఏనుగుల్ని చూశారు, పులిని చూశారు, నెమళ్లని చూశారు. సాయంత్రానికి వేలు వంకాయలా ఉబ్బింది.

మర్నాడు సర్కారు ఆస్పత్రి డాక్టరు గట్టిపడ్డ బెల్లం సున్నం గీకుతూ వరమ్మని తిట్టాడు.

"సబ్బుతో కడగాల్సిన గాయాన్ని గోడకి మెత్తినట్టు మెత్తేవేటమ్మా. విషం లోపలే ఉండాలనా?"

అది మెత్తిందెవరో వరమ్మ చెప్పలేదు. బొడ్డు చుట్టూ సూదులు మొదలయ్యాయి. వరమ్మ రోజూ పిల్ల కాళ్లు గట్టిగా పట్టుకునేది. పిల్ల ఏడవలేదు. అదే ఆమెకి భయమేసింది.

శనివారం దావీదు నువ్వుల జీళ్ల పొట్లంతో వచ్చాడు.

"నన్ను ఉంచమని దొర సెప్పేసేడు. పర్మనెంటే. దొరసాని మన గుంటని మళ్లీ తెమ్మంది, వచ్చే ఆదివారం బీచికి. ఇంకో నాలుగు మాటలు నేర్పాలి."

"నొప్పికి మాట కనుక్కుని వచ్చేవా?" అంది వరమ్మ.

దావీదు పొట్లం విప్పాడు.

వరమ్మ పిల్లని ఒళ్లోకి లాక్కుని, గౌను ఎత్తి, కమిలిన పొట్ట మీద చెయ్యి పెట్టింది.

"ఇక్కడ నొప్పెడతందేటమ్మా? నాకు సెప్పు. నేనేటీ అన్ను."

స్వర్ణ తల్లి చెయ్యి తీసేసి గౌను కిందకి లాక్కుంది. జూలో దొరసానికి నవ్వినట్టే నవ్వింది.

"నిత్స్ షె నె స్తావో."

"తెలుగులో సెప్పవే."

పిల్ల తండ్రి దగ్గరకి పోయి జీడి కోసం చెయ్యి చాపింది, బాగున్న చెయ్యి.