రెండో ఫోటో

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది కానీ, జీతం ఇచ్చేవాళ్ళు తప్ప దాన్ని ఎవరూ వాడరు. పాతికేళ్ళుగా పెట్టుడు కాళ్ళు తయారుచేస్తోంది కాబట్టి అందరికీ కాళ్ళక్క. "కాళ్ళక్క దగ్గర కాళ్ళబేరం సాగదు" అని వచ్చినవాళ్ళు పరాచికాలాడుతుంటారు. నిజమే. సాకెట్, అంటే ఆపరేషన్లో తీసేయగా మిగిలిన కాలు దూరే గిన్నెలాంటి భాగం, వెంట్రుకవాసి బిగుతుగా ఉన్నా ఆమె మనిషిని గడప దాటనివ్వదు. గడ్డం పట్టుకుని బతిమాలినా మళ్ళీ ఆకురాయి అందుకుని అరగదీయడం మొదలుపెడుతుంది.

ఆమె కోపం వర్క్‌షాపులో అందరికీ పరిచయమే. ఆకురాయి తీసినచోట పెట్టకపోతే ఒక రకం, కొలతలు పెన్సిల్‌తో కాకుండా పెన్నుతో రాస్తే ఇంకో రకం. ఒక ఏడాది వచ్చిన కోపం మాత్రం ఆ జాతిది కాదు. అది ఇప్పటికీ చల్లారలేదు. చల్లారకూడదు కూడా.

సంగతేమిటంటే, కొత్త కాలు పెట్టుకున్నాక మొదటి రెండు వారాలు గండం. కాసేపు నడిచి విప్పగానే చర్మం మీద ఎర్రమచ్చలు కనిపిస్తాయి. అది మామూలే. పది నిమిషాల్లో ఎరుపు పోతే సాకెట్ సరిపోయినట్టు. పోకపోతే అక్కడ అది చర్మాన్ని కొరుకుతోందన్నమాట, వెంటనే ఆపేయాలి. అందుకే కాళ్ళక్క తన దగ్గర కాలు తీసుకున్న ప్రతివాళ్ళ చేతా రోజూ రెండు ఫోటోలు తీయించేది. విప్పగానే ఒకటి, పది నిమిషాలకు ఇంకొకటి. దూరాభారాల నుంచి వచ్చినవాళ్ళు రోజూ రాలేరు కదా. వాళ్ళ కోసం పదకొండేళ్ళ కిందట పెద్ద యాప్‌లో ఒక గ్రూపు పెట్టింది. లోకంలో సగం మంది పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ తగాదాలూ అన్నీ ఆ యాప్‌లోనే. మిగతా వర్క్‌షాపులవాళ్ళూ వచ్చి చేరారు. చూస్తుండగానే పదకొండు వేల మంది అయ్యారు.

అన్ని ఫోటోలు చూసేసరికి కళ్ళు లాగేసేవి. అప్పుడు ఆమే ఒక నియమం పెట్టింది. "ఎరుపు పోతే రెండో ఫోటో పెట్టకండి. పోకపోతేనే పెట్టండి." అందరికీ సుఖంగా ఉంది. ఒక ఫోటో వచ్చి ఊరుకుంటే క్షేమం, రెండోది వచ్చిందంటే ప్రమాదం. ఏళ్ళ తరబడి పొల్లుపోకుండా నడిచింది.

ఆ కోపం వచ్చిన ఏడాదే ఒక పోస్ట్‌మాన్‌కు కాలు చేసింది. నలభై రెండేళ్ళ మనిషి, కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగే ఉద్యోగం. షుగర్ వల్ల పాదానికి పుండు పడి, కుడికాలు పిక్క మధ్య దాకా తీసేశారు. మోకాలు మాత్రం దక్కింది.

"మోకాలు దక్కిందంటే ముప్పాతిక కాలు దక్కినట్టే తమ్ముడూ" అంది కాళ్ళక్క అచ్చు తీస్తూ. "మెట్లెక్కుతావు, దిగుతావు. సంచీ భుజాన వేసుకుంటావు. దీన్ని మాత్రం కంటికి రెప్పలా చూసుకో."

"మూడో అంతస్తులో ఒక ముసలాయనున్నాడక్కా. ఆయనకొచ్చేవన్నీ కోర్టు నోటీసులే. నా కాలు పోయిందని సంతోషించినవాడు ఆయనొక్కడే. ఆయన కోసమైనా ఎక్కాలి నేను."

ఆమె నవ్వింది. కానీ ఒక చిక్కుంది. షుగర్ వల్ల అతనికి ఆ కాల్లో స్పర్శ సరిగా లేదు. ఒరుసుకున్నా, కోసుకున్నా తెలియదు. పైగా ఉండేది రైల్లో తొమ్మిది గంటల దూరంలో. ఆ చర్మం తరఫున మాట్లాడాల్సింది ఫోటోలే.

మొదటిరోజు ఫోటో వచ్చింది. మోకాలి కింద ఎముక మీద చొక్కా గుండీ అంత ఎరుపు. రెండోది రాలేదు. "బాగుంది తమ్ముడూ, రేపు ఇంకో గంట పెంచు" అని రాసింది. రెండోరోజూ అంతే. మూడోరోజు ఎరుపు కొంచెం పెద్దదైనట్టు అనిపించింది. రెండోది వస్తుందేమోనని పావుగంట ఎదురుచూసింది కూడా. రాలేదు. "నడువు, ఏం ఫరవాలేదు" అని రాసింది. ఏడు రోజులు అలాగే రాసింది.

ఎనిమిదో రోజు ప్లాస్టర్ కలుపుతుంటే ఫోన్ మోగింది. అవతల పోస్ట్‌మాన్ భార్య.

"మీరేనా కాళ్ళక్క?"

"అవునమ్మా, చెప్పు."

"ఏం మనిషండీ మీరు? ఎరుపు పోవట్లేదని ఫోటోలు పెడుతుంటే నడువు, నడువు అని రాస్తారా? రాత్రి చర్మం ఊడొచ్చి చీము పట్టింది, నూట మూడు జ్వరం ఆయనకి. హాస్పిటల్లో ఉన్నాం."

కాళ్ళక్క ప్లాస్టర్ గిన్నె పక్కకు నెట్టింది. "రెండో ఫోటో రాలేదు కదమ్మా..."

"రాకపోవడమేంటి? నేనే తీశాను. ఏడు రోజులు, పద్నాలుగు ఫోటోలు. ఎరుపు పోకపోతుంటే నేను వద్దంటూనే ఉన్నాను. అక్క చూసింది, అక్క నడవమంది, నీకంటే అక్కకి ఎక్కువ తెలుసు అన్నాడు. ఉండండి, పంపిస్తా. మీ కళ్ళతో మీరే చూసుకోండి."

పంపింది. పోస్ట్‌మాన్ ఫోన్లో రోజుకు రెండు ఫోటోలు ఉన్నాయి. కాళ్ళక్క ఫోన్లో రోజుకు ఒకటే ఉంది. అదే గ్రూపు, అవే రోజులు.

ప్లాస్టర్ చేతులతోనే గ్రూపు సెట్టింగులన్నీ తవ్వింది. ఒకదాని లోపల ఒకటి, దాని లోపల ఇంకొకటి, ఆరో అరలో దొరికింది. "పునరావృత చిత్రాలు" అని పేరు. నాలుగు వందల పన్నెండు ఫోటోలు. ఒకే మనిషి ఒకేలాంటి ఫోటో వెంటవెంటనే రెండోసారి పెడితే యాప్ దాన్ని మిగతావాళ్ళకు కనిపించకుండా దాచేస్తుందట. పెట్టినవాడికి మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. పాపం, వాడి మనసు నొచ్చుకోకూడదు కదా! నెల కిందట "మీ గ్రూపును మరింత అందంగా ఉంచేందుకు సాయపడతాం" అని ఒక నోటీసు వచ్చిన సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. చేతులు ప్లాస్టర్‌లో ఉండి, చదవకుండానే చిటికెన వేలితో "సరే" నొక్కింది.

అందం! పదకొండు వేల మంది తెగిన కాళ్ళు చూపించుకుని బాగుచేసుకునే చోట వాళ్ళకు అందం కావలసివచ్చింది. ప్రమాదం అని అరిచే ఫోటోలనే ఏరి ఏరి దాచింది ఆ దిక్కుమాలిన యంత్రం, క్షేమంగా ఉన్నవాళ్ళ జోలికి పోలేదు.

ఆ రోజూ మర్నాడూ పని మానేసి, దాచిన ఫోటోలు పెట్టిన ప్రతి మనిషికీ ఫోన్ చేసింది. "కాలు విప్పెయ్యి. ఇప్పుడే విప్పు. నేను లైన్లోనే ఉంటాను." గొంతు పోయింది. ఇద్దరు తప్ప అందరూ దొరికారు, ఆ ఇద్దరి ఇళ్ళకు పక్కవాళ్ళను పంపించింది. మూడోరోజు పోస్ట్‌మాన్ భార్య దగ్గర్నుంచి ఒక్క ముక్క వచ్చింది. "మోకాలు తీసేశారు."

కాళ్ళక్క గోడ వారగా ఉన్న అల్మరా తెరిచింది. లోపల పోస్ట్‌మాన్ ప్లాస్టర్ అచ్చు ఇంకా ఉంది. సాకెట్లో ఎముక ఆనేచోట ఒక్కసారి ఆకురాయి ఆడించి ఉంటే సరిపోయేది. అర నిమిషం పని.

పెద్ద యాప్‌కు ఫిర్యాదు రాసింది. ఫోటోలు జతచేసింది, తేదీలు వేసింది, డాక్టర్ కాగితం పెట్టింది. సరిగ్గా నాలుగు నిమిషాలకు జవాబొచ్చింది. "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది. పరిశీలించాం. మా నిబంధనల ప్రకారమే జరిగింది." దాని కిందనే ఒక ప్రకటన, ఎలాంటి పుండయినా మూడు రోజుల్లో మాయం చేసే లేపనమట.

"నాలుగు నిమిషాల్లో ఏం పరిశీలించావురా?" అని ఫోన్ మీద అరిచింది. "ఒక్క మచ్చకి నేనే పది నిమిషాలు చూస్తాను!" వర్క్‌షాపులో చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో అందరూ ఆ రోజు చూశారు. తిట్టడానికైనా అవతల ఒక ముఖం ఉండాలి కదా, అదీ లేదు. అంతకంటే పెద్ద మంట ఇంకొకటుంది. ఆ నియమం తనది. ఆ "సరే" తనది. యంత్రాన్ని ఎంత తిట్టినా ఆ రెండూ ఎక్కడికీ పోవు.

మధ్యాహ్నం కరెంటు బాబాయ్‌కి ఫోన్ చేసింది. ఆయన ఎలక్ట్రీషియన్. షాక్ కొట్టి కుడిచెయ్యి పోయింది. గ్రూపులో పాత సభ్యుడు. రెండేళ్ళుగా ఆమె చెవిలో జోరీగలా రొద పెడుతున్నాడు, మన గ్రూపు మన సొంత సర్వర్ మీద పెట్టుకుందామని. తన దుకాణంలో ఒక చిన్న కంప్యూటర్ పెట్టుకుని చేతులు పోయినవాళ్ళ కోసం అలాంటిది నడుపుతున్నాడు కూడా. మొత్తం నలభై మంది. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది బాబాయ్ నీ వరస" అని ఆమె ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో లెక్కలేదు.

"ముందే చెప్పానని అను బాబాయ్. అనేసెయ్యి" అంది.

"అనను. ఆ కుర్రాడి మోకాలు పోతే నాకు గెలుపెక్కడిది?" అన్నాడాయన. "ఊరంతా ఒకే మెయిన్ స్విచ్ మీద వేలాడకూడదమ్మాయ్. అది ఎవడి చేతిలో ఉంటే వాడు చెప్పిందే వెలుతురు. ఇంటింటికీ ఒక స్విచ్ ఉండాలి, తీగలు మాత్రం కలిసుండాలి. నీ వర్క్‌షాపులో ఒక కంప్యూటర్ పెట్టె పెడదాం, నా దుకాణంలో ఒకటి ఉండనే ఉంది, ఇష్టమైన వర్క్‌షాపు ఇంకోటి పెట్టుకుంటుంది. నీ దగ్గరున్నవాడి ఫోటో నా దగ్గరున్నవాడు చూస్తాడు. ఒకటి పాడైతే మిగతావి నడుస్తాయి. నియమాలు మనం రాసుకుంటాం. తప్పు చేస్తే మన తప్పే, తిట్టడానికి మనిషి కూడా ఎదురుగా ఉంటాడు."

"నాకు ఆ చివరిదే కావాలి" అంది కాళ్ళక్క.

ప్లాస్టర్ దుమ్ము పడకుండా గాజు తలుపున్న అల్మరాలో ఆ పెట్టె పెట్టారు. పాత గ్రూపులో కొత్త చిరునామా రాసింది. బయటి లింకు ఉందని కాబోలు యాప్ దాన్నీ దాచింది, పదకొండు వేల మందిలో తొంభై మందికి కూడా అది చేరలేదు. దాంతో చిరునామాను కాగితాల మీద అచ్చేయించి, ఇచ్చే ప్రతి కాలు సాకెట్లోనూ ఒక చీటీ వేయడం మొదలుపెట్టింది. కాలు పెట్టుకోవాలంటే చీటీ తీయక తప్పదు.

అందరూ రాలేదు. "అక్కడ మా చుట్టాలెవరూ లేరక్కా" అన్నారు. "ఇంకో పాస్‌వర్డా?" అన్నారు. ఒకాయన "ఒక్క కాలు కోసం ఊరంతా ఖాళీ చేస్తామా?" అని కూడా రాశాడు. ఆయన రెండు కాళ్ళూ కాళ్ళక్క చేసినవే. ఆమెకు ఒళ్ళు మండింది. ఏడాది తిరిగేసరికి వచ్చినవాళ్ళు ఆరు వందల నలభై మంది. రానివాళ్ళను కొన్నాళ్ళు తిట్టుకుంది, తర్వాత మానేసింది. పదకొండేళ్ళు అక్కడ నిద్రపోయింది తను కాదా?

పుండు మానాక పోస్ట్‌మాన్ కొత్త కాలు కోసం వచ్చాడు. వెంట భార్య. ఆవిడ బెంచీ మీద గోడవైపు తిరిగి కూర్చుంది. ఈసారి చేయాల్సింది తొడ దగ్గర్నుంచి, ఇనుప మోకాలితో. మెట్ల ఉద్యోగం పోయింది. ఆఫీసులో కూర్చుని ఉత్తరాలు వేరుచేసే పని ఇచ్చారు.

"ముసలాయన నోటీసులకి ఇంకొకణ్ణి వేశారక్కా. వాడికి దమ్ము లేదు, రెండో అంతస్తులోనే ఆగిపోతున్నాడు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. "నువ్వలా మొహం పెట్టకక్కా. నీ తప్పు కాదు, ఆ యాప్‌ది."

"ఆవిడది కూడా" అంది భార్య, గోడవైపు నుంచే. "రెండో ఫోటో రాకపోతే బాగున్నట్టే అని రాసింది ఆవిడే కదా."

"అవునమ్మా, నాది కూడా" అంది కాళ్ళక్క. "ఇప్పుడు మార్చేశాను. బాగున్నా లేకున్నా రెండోది పెట్టాల్సిందే. రాకపోతే ఫోన్ చేస్తాం."

"ఎవరు చేస్తారు?"

"నేను."

"మీ చేతులు ప్లాస్టర్‌లో ఉంటే?"

కాళ్ళక్క ప్లాస్టర్ అంటిన తన చేతులు చూసుకుంది. ఆవిడ ఇటు తిరిగింది. ముఖంలో మెత్తదనం ఏమీ లేదు. "నేను చేస్తాను. కొత్తగా కాలు తీసుకున్నవాళ్ళ లిస్టు నాకివ్వండి" అంది. కాళ్ళక్క ఇచ్చింది. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు పదకొండో నిమిషానికి ఆవిడ ఫోన్ వెళ్ళాల్సిందే. స్నానంలో ఉన్నాననీ, చార్జింగ్ అయిపోయిందనీ చెప్పి ఆవిడ దగ్గర తప్పించుకున్నవాడు లేడు. కాళ్ళక్కతో మాత్రం పని ఉంటే తప్ప మాట్లాడదు.

పోస్ట్‌మాన్‌కు మొదటి కాలు ఇచ్చి ఏడాది అయింది. ఒక ఉదయం సొంత సర్వర్లో పోస్ట్‌మాన్ నుంచి కాళ్ళక్కకు ఒక ఫోటో వచ్చింది. తోటి ఉద్యోగుల కోసం అతను పాత యాప్ ఇంకా ఉంచుకున్నాడు. ఆ యాప్ పొద్దున్నే అతనికి చూపించిన తెరను ఫోటో తీసి పంపాడు. చుట్టూ రంగురంగుల బెలూన్లు. పైన, "ఏడాది కిందట ఇదే రోజు! మీ మధుర జ్ఞాపకం." మధ్యలో అతని మోకాలు, దాని కింద ఎముక మీద చొక్కా గుండీ అంత ఎరుపు. మొదటిరోజు రెండో ఫోటో.

కింద అతను రాశాడు. "ఇప్పటికి చూపించారక్కా."

పనిలో చేరి నెల కానివాళ్ళు కూడా పట్టేసే మచ్చ అది. కాళ్ళక్క దాన్ని పది నిమిషాలు చూసింది. తర్వాత చేతులు కడుక్కుని, తడి తుడుచుకుని, రానివాళ్ళకు దారి చెబుదామని ఇన్నాళ్ళూ ఉంచిన తన పాత ఖాతాను తెరిచి, తొలగించమంది. "మీరు ఎందుకు వెళ్ళిపోతున్నారు?" అని అడిగింది యాప్. కింద కారణాలు ఉన్నాయి. నోటిఫికేషన్లు ఎక్కువ. సమయం వృథా. స్నేహితులు లేరు. ఈసారి ఆమె ప్రతి అక్షరం చదివింది. అన్నిటికన్నా కింద, "ఇతర కారణం" పక్కన ఒక చిన్న గడి ఉంది.

మోకాలు, అని రాసి నొక్కింది.

మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది, అని వచ్చింది.