మంచురేవు ఆఖరి ఆదివారం

టీవీలో 'మంచురేవు' అనే హత్యల సీరియల్ మొదలైనప్పుడు నాకు ముప్పైతొమ్మిదేళ్లు. ఆదివారం ఎనిమిదింటికి సముద్రం ఒడ్డున ఉన్న మా తిబోరన్ ఊరి వీధుల్లో మనిషి కనిపించేవాడు కాదు. మా సోఫా మీద ముగ్గురం కూర్చునేవాళ్లం: మా ఆయన ఈవర్, మా అన్నయ్య విల్లాడ్స్, మధ్యలో నేను. సగం కథ అయ్యేలోపు హంతకుడెవరో చెప్పెయ్యాలి. తప్పు చెప్పినవాళ్లు గిన్నెలు కడగాలి. ఎక్కువగా ఈవరే కడిగేవాడు. ఏ కథ చూసినా అతని అనుమానం పాస్టరు మీదే.

ఈవర్ మా అన్నయ్య పడవలోనే చేపలకు వెళ్లేవాడు. పదకొండేళ్ల కిందట ఫిబ్రవరిలో, ఇద్దరితో వెళ్లిన పడవ ఒక్కడితో తిరిగొచ్చింది. ఈవర్ లైఫ్ జాకెట్ వేసుకోలేదని, అల వచ్చి లాక్కుపోయిందని అన్నయ్య పోలీసులకు చెప్పాడు. జాకెట్ పడవలోనే ఉంది, పొడిగా. నాలుగో రోజుకి ఈవర్ ఒడ్డుకు కొట్టుకొచ్చాడు.

అన్నయ్య పడవ అమ్మేసి, సముద్రం కనబడని వీబోర్ ఊరికి వెళ్లిపోయాడు. మా గడప తొక్కలేదు, నన్ను రమ్మనీ అనలేదు. ఏడాది దాటాక ఒక ఆదివారం, కథ అయిపోగానే ఫోన్ మోగింది.

"నర్సే చంపింది, చూశావా?" అన్నాడు. ఎలా ఉన్నావనైనా అడగలేదు.

"నేను పది నిమిషాలకే చెప్పేశాను."

"ఎవరికి చెప్పావు? పిల్లికా?"

"అవును, పిల్లికే. నీకంటే దానికి బుర్ర ఎక్కువ."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం తొమ్మిదింటికి ఫోన్ చేసేవాడు. వేసవిలో పాత కథలే మళ్లీ వేసేవారు. హంతకుడెవరో ఇద్దరికీ తెలిసినా చేసేవాడు. అందులో హంతకుల్ని పట్టే ఇన్‌స్పెక్టర్ లోన అనే ఆవిడ గురించి, ఆవిడ పాత కోటు గురించి, ఆవిడ కారు గురించి మాట్లాడుకునేవాళ్లం. ఈవర్ పేరు మాత్రం ఒక్కసారీ రాలేదు. నాకు మిగిలిన పుట్టిల్లు ఆ పది నిమిషాలే. దాన్ని చెడగొట్టుకోవాలని నాకూ లేదు.

ఈ జనవరిలో పేపర్లో వేశారు, 'మంచురేవు'కి ఇదే ఆఖరి ఏడాదని. ఆ ఆదివారం ఫోన్లో అన్నాడు, "ఆపేస్తున్నారట, చెల్లీ."

"చదివాను."

ఏప్రిల్ చివర్లో నేనే తెగించి అడిగాను. "ఆఖరిది కలిసి చూద్దాం అన్నయ్యా. నేనే వస్తాను."

అవతల టీవీ కట్టేసిన చప్పుడు వినబడింది.

"నా సోఫా చిన్నది," అన్నాడు.

"నేనూ చిక్కిపోయాన్లే."

మే నెల మూడో ఆదివారం ఆపిల్ కేకు చేసుకుని, రైళ్లు మారి వీబోర్ వెళ్లాను. తలుపు తీసిన మనిషిని వెంటనే పోల్చుకోలేకపోయాను. గొంతేమో నా అన్నయ్యది, మనిషి మాత్రం మా నాన్నలా అయిపోయాడు. ఇద్దరం కేకు గురించి మాట్లాడుకుంటూ లోపలికి నడిచాం.

ఎనిమిదింటికి కూర్చున్నాం. ఓడ కెప్టెనని నేను, మందుల షాపువాడని అన్నయ్య. ఇద్దరం తప్పే. చర్చిలో ఆర్గాన్ వాయించే ముసలాయన చంపాడు. ఆయన్ని పట్టుకోబోయి ఇన్‌స్పెక్టర్ లోన రేవులోనే చనిపోయింది. ఇరవై రెండేళ్లు చూసిన మనిషి. పేర్లు పడుతుంటే ఏడ్చేశాను. అన్నయ్య టీవీ కట్టేశాడు. బయట ఇంకా వెలుతురుగానే ఉంది.

"దాగ్నీ," అన్నాడు. పేరుపెట్టి పిలిచి ఎన్నేళ్లయిందో. "జాకెట్ తీసెయ్యమన్నది నేనే."

నాకు వెంటనే అర్థం కాలేదు. లోన గురించేమో అనుకున్నాను.

"వల లాగుతుంటే అడ్డం పడుతోంది. పని సాగట్లేదు. తీసి అవతల పారెయ్యరా అని అరిచాను. నా మాట విని తీసేశాడు. పావుగంట కూడా కాలేదు, అల వచ్చింది."

పదకొండేళ్లు నేను ఈవర్‌ని తిట్టుకున్నాను. సమాధి దగ్గర నిలబడి, ఒక్క జాకెట్ వేసుకోవడానికి నీకేం రోగం అని గట్టిగానే అడిగాను. పూలు పెట్టకుండా తిరిగొచ్చిన రోజులున్నాయి. నన్ను వదిలేసి పోయేంత నిర్లక్ష్యమా అని, పడుకునే ముందు అతని ఫోటో బోర్లించేదాన్ని.

"ప్రతి ఆదివారం నాతో మాట్లాడావు," అన్నాను. "ఒక్కసారైనా నోరు రాలేదా?"

"చెబితే మళ్లీ ఫోన్ ఎత్తేదానివా?"

"ఎత్తేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు. ఇక ఫోన్ చెయ్యడానికి నా దగ్గర వంక కూడా లేదు. ఇప్పుడైనా చెప్పకపోతే..." చేతులు రెండూ మోకాళ్ల మధ్య పెట్టుకుని వంగిపోయాడు. చెయ్యి చాచితే తగిలేంత దగ్గర్లోనే ఉన్నాను. చాచలేదు.

తిరుగు రైలు పొద్దున గానీ లేదు. తన మంచం నాకిచ్చి, తను సోఫా మీద పడుకున్నాడు. గోడ అవతల నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది. నేనూ నిద్రపోలేదు. ఉదయం కాఫీ పెట్టిచ్చాడు, తాగాను. స్టేషన్ దాకా వచ్చి, పక్కన నిలబడాలో దూరంగా నిలబడాలో తెలియక, సామాను తూచే యంత్రం దగ్గర నిలబడిపోయాడు. రైలెక్కేముందు ఏదో ఒకటి అనాలనిపించింది.

"చలిగా ఉంది. ఇంటికెళ్లు," అన్నాను. అంతకుమించి నావల్ల కాలేదు.

రైలు కదిలాక ఆపుకోలేకపోయాను. పెట్టెలో అందరికీ వినబడేలా ఏడ్చాను. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ కాసేపు కిటికీలోంచి చూసి, ఇక ఉండలేక సంచీలోంచి చాక్లెట్ తీసి, సగం విరిచి నా చేతిలో పెట్టింది.

"నిన్న రాత్రి నేనూ ఇంతేనమ్మా. మా ఆయన నవ్వాడు కూడా," అంది. "పాపం, లోనని అంత అన్యాయంగా చంపెయ్యక్కర్లేదు కదా?"

"అక్కర్లేదండీ," అన్నాను.

"చూసి చూసి ఇంట్లో మనిషిలా అయిపోతారు. ఇక ఆదివారాలు ఎలా గడుస్తాయో ఏమో."

అవునని తలూపాను. రైలు మారడానికి స్ట్రూయర్‌లో నేను దిగేదాకా ఆవిడ లోన గురించి చెబుతూనే ఉంది, నేను ఏడుస్తూనే ఉన్నాను.