ఓపల్ వదిన కారు టైర్లు

శనివారం పొద్దున్నే ఎర్లీన్‌కు ఓపల్ ఫోన్ చేసింది. ఓపల్ ఆమె ఆడబిడ్డ, పోయిన భర్త లూషియస్‌కు తోడబుట్టిన అక్క. రెండేళ్లుగా చర్చిలో ఎదురుపడితే తలూపి తన దారిన పోతున్న మనిషి.

"నిన్న హైవే మీద టైరు పేలింది. చావు తప్పింది. కారును లామార్ రోడ్డులో టైర్ల షాపుకు లాక్కెళ్లి పడేశారు. నన్ను అక్కడ దింపాలి. ఇంకెవరూ ఫోనెత్తలేదు," అంది ఓపల్. ఆ చివరి మాట కావాలనే అంది.

ఎర్లీన్ చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బయల్దేరింది.

ఆ ఇద్దరి మధ్య ఉన్నది ఒక ఇంటి కప్పు. గాలివానకు ఎర్లీన్ ఇంటి కప్పు లేచిపోతే, షూరిటీ లేనిదే అప్పు ఇవ్వం అన్నారు బ్యాంకువాళ్లు. "నా తమ్ముడి నెత్తి తడుస్తుంటే చూస్తూ కూర్చుంటానా," అని ఓపల్ వచ్చి సంతకం పెట్టింది. తర్వాత లూషియస్ కిడ్నీలు చెడిపోయాయి. ఆసుపత్రి బిల్లులు ఉన్న డబ్బంతా మింగేశాయి, లూషియస్‌ను మాత్రం మిగల్చలేదు. ఎర్లీన్ ఐపీ పెట్టింది.

పెట్టే ముందు లాయరు రెండు దారులు చెప్పాడు. మొదటిది, కోర్టు చెప్పినట్టు ఐదేళ్లు నెలనెలా కడుతూ పోవడం. అలా కట్టినన్నాళ్లూ అప్పులవాళ్లు షూరిటీ జోలికి రాకూడదు. రెండోది, కొద్ది నెలల్లో అన్నీ కొట్టేయించుకుని బయటపడడం. అప్పుడు ఎర్లీన్‌కు విముక్తి, కప్పు అప్పు మాత్రం సంతకం పెట్టిన ఓపల్ మెడకు చుట్టుకుంటుంది. "ఆమెతో మాట్లాడారా?" అని లాయరు అడిగితే, మాట్లాడానని చెప్పింది. మాట్లాడలేదు. అలిసిపోయి ఉంది, భర్తను పూడ్చి నెల కాలేదు, చిన్న దారి పట్టేసింది. ఓపల్‌తో మాత్రం, "చట్టం అంతే వదినా, నా చేతిలో ఏముంది," అంది. ఓపల్ నమ్మింది.

షాపులో కౌంటరు వెనక డ్వైట్ అనే భారీకాయం కూర్చుని ఉంది, నోటికి తాళం లేని మనిషి. నాలుగు టైర్లూ అరిగిపోయి లోపలి తీగలు బయటికొచ్చాయనీ, బిగింపుతో కలిపి ఆరువందల డాలర్ల పైమాటేననీ చెప్పాడు. ఓపల్ పనిచేసేది నదికి అవతల వృద్ధాశ్రమం వంటింట్లో. అక్కడికి బస్సు లేదు. కారు లేకపోతే సోమవారం నుంచి పని లేదు.

"మా షాపు క్రెడిట్ కార్డు తీసుకోండి ఓపల్ గారూ. నెలకింత కట్టుకోవచ్చు, నిమిషంలో తేలిపోతుంది," అంటూ కంప్యూటర్‌లో వివరాలు కొట్టాడు. నిమిషం తర్వాత మెడ గోక్కున్నాడు. "ఇప్పుడు కుదరదంటోందండీ."

ఓపల్ చేతిసంచి జిప్పు తీసి, మళ్లీ వేసింది.

"మరి మీరు?" అని డ్వైట్ ఎర్లీన్ వైపు తిరిగాడు.

"నాకెవరిస్తారయ్యా! నేను ఐపీ పెట్టినదాన్ని."

"ఇవ్వవే నీ వివరాలు. చూద్దాం," అంది ఓపల్.

కార్డు రాకూడదు దేవుడా అనుకుంది ఎర్లీన్. కానీ వస్తుందని ఆమెకు తెలుసు. ఐపీ అయిన కొత్తలో మూడు చోట్ల కాదన్నారు. ఆ తర్వాత ఒక బ్యాంకులో మూడువందలు ధరావతు కట్టి చిన్న కార్డు తెచ్చుకుంది. దాని మీద పెట్రోలు తప్ప ఏమీ కొనకుండా, గడువుకు ముందే కట్టేస్తూ వచ్చింది. అది చూసి ఇప్పుడు కార్డు తీసుకోండంటూ వారం వారం ఉత్తరాలు పంపుతున్నారు. ఆ సంగతి గర్వంగా చెప్పుకోవాలని ఉండేది. చెప్పుకోదగ్గ ఒక్క మనిషీ ఓపలే.

"వచ్చింది! పన్నెండు వందలు!" డ్వైట్ చప్పట్లు కొట్టాడు. కుర్చీలో కునుకు తీస్తున్న ముసలాయన కళ్లు తెరిచి, "ప్రభువుకు స్తోత్రం," అని మళ్లీ మూశాడు.

"ఐపీ పెట్టినవాళ్లంటే కంపెనీలకు ముద్దండీ. పాత అప్పుల బరువుండదు, మళ్లీ వెంటనే ఐపీ పెట్టడానికీ వీల్లేదు," అన్నాడు డ్వైట్ హుషారుగా.

"మరి ఎగ్గొట్టకుండా కట్టేవాళ్లంటే?" అని అడిగింది ఓపల్.

"ఆలస్యంగా కట్టారని ఉందండీ మీకు. అప్పు కూడా ఇంకా మిగిలుంది కదా."

సిగ్గుతో ఎర్లీన్ చెవులు కాలిపోయాయి. టైర్లు తన కార్డు మీదే వేయమని చెప్పి, వెళ్లి ఓపల్ పక్కన కూలబడింది. లోపల టైర్లు విప్పుతున్న మోత.

"నువ్వేమీ ఇవ్వక్కర్లేదు వదినా. నేను కట్టుకుంటాను."

"నాలుగు టైర్లు పడేసి చెల్లు చేసుకుందామనా? నెలనెలా నీ గడువుకు ముందే తెచ్చిస్తాను. నా వల్ల నీ పేరు చెడనివ్వను," అని ఓపల్ కాస్త మెత్తబడింది. "నీ మీద నాకు కోపం లేదే. చట్టం అంతే అయితే నువ్వు మాత్రం ఏం చేస్తావ్?"

ఆ మెత్తదనాన్ని ఎర్లీన్ తట్టుకోలేకపోయింది. నోరు మూసుకుని ఉంటే రెండేళ్ల తర్వాత ఆడబిడ్డ దక్కేది. ఆ సంగతి తెలిసే నోరు విప్పింది.

"ఇంకో దారి ఉండింది వదినా. ఐదేళ్లు కడితే నీ జోలికి వచ్చేవాళ్లు కాదు. లాయరు చెప్పాడు. నేనే వద్దనుకున్నాను. నీకు చెప్పానని ఆయనతో అబద్ధమాడాను."

ఓపల్ తిడుతుందని చూసింది ఎర్లీన్. తిట్టినా బాగుండేది.

"నన్ను అడగాల్సింది," అంది ఓపల్. "సగం నేను వేసుకునేదాన్ని కదే. ఎటూ నేనే కడుతున్నాను. ఇద్దరం కలిసి కట్టేవాళ్లం."

డ్వైట్ తాళాలు తెచ్చిచ్చాడు. ఓపల్ లేచి, కొత్త టైర్లను ఒకసారి చుట్టూ తిరిగి చూసుకుని, వెళ్లిపోయింది.

తర్వాతి నెల గడువుకు ముందే ఎర్లీన్ ఇంటి ముందు ఆ కారు ఆగింది. ఓపల్ మెట్లెక్కి వచ్చి డబ్బు చేతిలో పెట్టింది. లోపలికి రమ్మని, పీచ్ పండ్లతో తీపి వంటకం చేశానని ఎర్లీన్ బతిమాలింది. ఓపల్ గుమ్మం దాటలేదు. కోపంగా కూడా లేదు. కొత్తగా పరిచయమైన మనిషితో మాట్లాడినట్టు మర్యాదగా అడిగింది.

"రసీదు రాసివ్వు, ఎర్లీన్."